కళాయి పూసిన గాలం

మా అంగడి కావలిలో, రైలుకట్టకు ఇవతల సందులో ఉంటుంది. వలలకు కట్టే సీసం గుండ్లు, తాళ్లు, గాలాలు, నైలాన్ దారం ఉండలు అమ్ముతాం. నేను కోడలిగా వచ్చిననాటికి అది చేపలవాళ్ల అంగడి కాదు. మా మామ కళాయి పూసేవాడు. బిట్రగుంట రైల్వే కాలనీ నుంచి ఇత్తడి బిందెలు, గుండిగలు మూటలు మూటలుగా వచ్చేవంట. అందరిళ్లలోకీ స్టీలు వచ్చేసరికి ఆ మూటలు రావడం మానేసినాయి. కొలిమి ఉంది, తిత్తి ఉంది, పని లేదు. మా ఆయన ఆ కొలిమి మీదే సీసం కరిగించి వలగుండ్లు పోయడం మొదలుపెట్టినాడు. ఆయన పోస్తాడు, నేను అంగట్లో కూర్చుని అమ్ముతాను.

ఇన్నేళ్లు చేపలవాళ్లకు సరుకు అమ్మినా, నాకు సముద్రమంటే ఒడ్డే. ఆటోలో పోతే అరగంట కూడా పట్టదు. సెలవు రోజు పిల్లల్ని తీసుకుని పోయి, మోకాళ్లదాకా తడిసి, వేయించిన చేప తిని వచ్చేవాళ్లం. ఆ నీళ్ల అడుగున ఏముంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. నేనమ్మిన గాలం ఎక్కడికి పోతుందో, అక్కడ అదేం చేస్తుందో ఎప్పుడూ అడగలేదు.

తుమ్మలపెంట దిక్కు పల్లె నుంచి ఒక అన్న మా దగ్గర గుండ్లు కొనేవాడు. సొంత ఫైబర్ బోటు ఉంది. మాట తక్కువ మనిషి. ఒకరోజు ఆయన గుడ్డలో చుట్టిన వస్తువొకటి తెచ్చి బల్ల మీద పెట్టినాడు. విప్పితే, నా అరచేతి పొడవున్న సీసపు చేప. వీపు నీలం, పొట్ట వెండి రంగు, గాజు కన్ను, తోకకు గాలం. ఒంటినిండా పంటిగాట్లు.

"వంజరం నోట్లో దొరికిందమ్మా," అన్నాడు. "వలలో పడిన వంజరాన్ని కోస్తా ఉంటే దవడలో గుచ్చుకోని ఉండాది. దారం తెంపుకోని వచ్చినట్టుండాది. ఎవురిదో, ఏ దేశానిదో."

ఊరికే చూద్దామని దాన్ని తన దారానికి కట్టి, సముద్రంలో రాళ్లున్న చోట దించినాడంట. ఎర లేదు, ఏమీ లేదు. కిందకు వదలడం, పైకి ఎగదుయ్యడం, మళ్లీ వదలడం, అంతే. రెండు పెద్ద పారలు తగిలినాయంట. పార అంటే మా తీరంలో బో గిరాకీ ఉన్న చేప. పళ్లెంలాగా వెడల్పుగా, వెండిలాగా ఉంటుంది.

"దీన్ని జిగ్గంటారంట. మద్రాసులో సరదాకి చేపలు పట్టే కుర్రోళ్లు చెప్పినారు. నాకాడ ఇదొక్కటే ఉండాది. పోతే పోయినట్టే. ఇట్టాంటివి పోసియ్యగలరా?"

"దానికేముందన్నా," అని మా ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

ఆ జిగ్గును మెత్తటి మట్టిలో అదిమి, అచ్చు తీసి, ఆరబెట్టి సీసం పోసినాడు. రంగులు నా పని. గోళ్ల రంగు సీసాలు తెప్పించి వీపుకు గులాబీ, పక్కలకు నీలం పూసినాను. పొట్టకు వెండికాగితం అంటించినాను. పొలుసులు కూడా సూదిమొనతో ఒక్కొక్కటే గీసినాను. బల్ల మీద వరసగా పెడితే సందులో పోయే పిల్లలు ఆగి చూసేవాళ్లు. నాకు గర్వంగా ఉండింది.

మా మామ కళ్లద్దాలు సర్దుకుని ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "బొమ్మ బాగుంది. చేపనడిగినారా?" అని పెట్టేసినాడు.

మామ అన్నట్టే అయింది. వారం తర్వాత అన్న వచ్చి, "నా జిగ్గు వేస్తే తగులుతుంది, మీది వేస్తే తగల్లా," అన్నాడు. "ఒకే చోట, పక్కపక్కనే వేసి చూసినా."

రంగు తేడా అయ్యుంటుందని మా ఆయన అన్నాడు. ఆకుపచ్చ వేసినాను. ఎరుపు, తెలుపు వేసినాను. నల్లచుక్కలు పెట్టినాను. ఒక్కదాన్నీ చేప మూతితో తాకను కూడా తాకలేదు. అన్న తిట్టలేదు, డబ్బులు వెనక్కి అడగలేదు. అది నాకు ఇంకా బాధగా ఉండింది. ఆయన అట్టా నిలబడి బల్ల మీది రంగుల చేపలను చూస్తుంటే నా నోట్లోంచి మాట జారిపోయింది.

"అన్నా, నేనొకసారి వచ్చి చూడొచ్చా?"

మా ఆయన తలెత్తి, "ఏందిమే, ఏం చూస్తావు?" అన్నాడు.

"మనం చేసింది నీళ్లలో ఏం చేస్తుందో చూస్తా. చూడకుండా ఇంకెన్ని రంగులు పుయ్యమంటావు?"

అన్న తల గోక్కున్నాడు. "మా ఊళ్లో ఆడోళ్లు బోటెక్కరమ్మా. ఇంట్లో అడిగి చెప్తా."

రెండురోజులకు ఫోను చేసినాడు. గొంతులో నవ్వు వినబడింది. "మా ఆడోళ్లనడిగినా. తీసకపో, వాంతులు చేసుకోని వస్తది, మళ్లీ అడగదులే అన్నారు. రండి."

బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం కొలిమి దగ్గర సుత్తి చప్పుడు వినబడింది. చాలా రోజుల తర్వాత మామ కొలిమి ముందు కూర్చోనున్నాడు. పగిలిన గుండిగ అడుగులోంచి ఒక ఇత్తడి ముక్క కోసి, వేపాకు ఆకారంలో సాగగొట్టి, నడుము దగ్గర కొంచెం వంచినాడు. మొన దగ్గర దళసరి, తోక దగ్గర పల్చన. నిప్పుల మీద కాచి, నవసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ లేచింది. తగరం తాకించి దూదితో ఒక్క తుడుపు తుడిచేసరికి పసుపురంగు ముక్క పాలపుంతలాగా తెల్లబడిపోయింది. ఇంట్లో ఎన్నో గిన్నెలకు కళాయి పుయ్యడం చూసినదాన్నే, అయినా ఆ తుడుపు దగ్గర నాకు ఎప్పుడూ ఊపిరాగుతుంది.

తోకకు ఒక గాలం తగిలించి, "ఇది కూడా పెట్టుకోనిపో," అన్నాడు.

"జిగ్గు సీసంతో కద మామా చెయ్యాల్సింది?"

"అదేమో నాకు తెలవదు. మెరిసేది చెయ్యమంటే చేస్తా."

మర్నాడు తెల్లవారకముందే పల్లె చేరినాం. అన్న మాకు నారింజరంగు జాకెట్లు తొడిగించినాడు. ఆయనకు సాయంగా ఎవరూ రాలేదు. ఆ రోజు వల లేదు, గాలాలే. ఒడ్డున అలలు దాటేటప్పుడు బోటు ముక్కు ఆకాశంలోకి లేచి దబ్బున పడింది. నేను అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. అలలు దాటినాక తూర్పున వెలుగు వచ్చింది. వాంతులు నాకు కాలేదు. మా ఆయనకైనాయి. పాపం, నిమ్మకాయ వాసన చూస్తా, బోటు అడుగున తాళ్ల మీద పడుకుండిపోయినాడు.

ఒడ్డు దగ్గర నీళ్లు టీ రంగు. కొంతదూరం పోయినాక ఆకుపచ్చగా మారినాయి. ఇంకా పోయినాం. కొబ్బరిచెట్లు గీతలాగా సన్నబడి, ఆ గీత కూడా మునిగిపోయింది. ఉన్నట్టుండి బోటు ఒక అంచు దాటింది. ఎవరో కొలిచి చించినట్టు ఇటు పచ్చ, అటు నీలం. ఆ నీలంలోకి వంగి చూస్తే సూర్యకిరణాలు కడ్డీలు కడ్డీలుగా లోపలికి దిగి, ఎక్కడో ఒకచోట కలిసిపోతున్నాయి. అడుగు లేదు. నా కాళ్లకింద వేలెడు మందం ఫైబర్, దానికింద అంతా అదే. ఒళ్లు జలదరించింది. భయం కాదు. ఇంత పెద్దది ఇంత దగ్గరగా ఉండగా, నేను రోజూ సందులో కూర్చుని గుండ్లు తూకం వేసుకుంటా ఉండినాననే ఆశ్చర్యం.

అన్న జీపీఎస్ డబ్బా చూసి ఇంజను ఆపినాడు. "కింద రాళ్లుండాయి. పదిహేను బారల లోతు," అన్నాడు. వేళ్లకు సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కున్నాడు.

"అన్నా, ముందు రెండూ పక్కపక్కన వదిలి చూపియ్యి," అన్నాను.

కుడిచేత్తో తన జిగ్గు, ఎడమచేత్తో నేను గులాబీ రంగు పూసింది ఒక్కసారే వదిలినాడు. నేను అంచు మీద బోర్లా పడుకుని చూసినాను.

నాది ముక్కుసూటిగా పోయింది. రాయి పడినట్టు. గీసిన పొలుసులు, అంటించిన వెండికాగితం ఏదీ కనబడలేదు. క్షణంలో మాయమైపోయింది. ఆయనది అట్టా పోలేదు. పక్కకు వాలింది. వణికింది. ఆగినట్టే ఆగి, అటువైపు వాలి, మళ్లీ వణికింది. వాలినప్పుడల్లా పొట్ట ఒకసారి తళుక్కుమంది. దెబ్బ తిని మునిగిపోతున్న చేప ఎట్టా ఉంటుందో నేనెన్నడూ చూడలేదు కానీ, చూసిన వెంటనే అదేనని తెలిసింది. అది సీసమని తెలిసి కూడా నాకు దానిమీద జాలి కలిగింది.

"ఏమయ్యా," అని కేకేసినాను, "మనది పడిపోతా ఉంది. ఆయనది ఈదతా ఉంది!"

మా ఆయన తాళ్ల మీద నుంచి లేచి, మూతి తుడుచుకుంటా వచ్చి, నా పక్కన వంగినాడు. ఇంకోసారి వదిలించుకుని చూసినాడు. "తోక దగ్గర పోత బొక్క పెట్టినా," అన్నాడు. "సీసం ఆడ గడ్డకట్టి బరువెక్కువైంది. అదే దాన్ని కిందకు లాక్కోనిపోతా ఉంది." అని మళ్లీ పోయి పడుకున్నాడు.

అన్న ఆ ఉదయం నాకు ఒక్కొక్కటే చెప్పినాడు. నీటి వాలు, అంటే లోపలి నీళ్ల పరుగు, గట్టిగా ఉంటే బరువుది వెయ్యాలి, లేకపోతే అడుగు చేరేలోపు దారం బోటుకు దూరంగా ఏటవాలుగా కొట్టుకోనిపోతుంది. వాలు నెమ్మదించినప్పుడు తేలికది, ఆలస్యంగా పడేది. నీళ్లు కలకగా ఉన్నరోజు ముదురు రంగు, తేటగా ఉన్నరోజు మెరుపు. "లోతుకు పోయేకొద్దీ ఎరుపు నల్లగా అయిపోద్దమ్మా. నువ్వు వేసిన గులాబీ ఆడ ఎవురికీ కనబడదు," అన్నాడు. నేను సూదితో గీసిన పొలుసులు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

వాలు గట్టిగా ఉండింది. ఆయన బరువుగా ఉన్నవాటిని మార్చి మార్చి వేసినాడు. ఏదీ తగల్లేదు. పొద్దు నెత్తికెక్కుతుండగా గాలి పడిపోయింది. నీళ్లు నూనెలాగా అయిపోయినాయి. దారం నిట్టనిలువుగా నిలబడింది.

ముందు చిన్నచేపలు వచ్చినాయి. బోటు చుట్టూ నీళ్లు సన్నగా చిటపటమన్నాయి, వాన మొదలైనట్టు. నేను ఆకాశంలోకి చూసినాను. మబ్బు లేదు. తర్వాత నీళ్ల అడుగున ఒకచోట నీలం నల్లబడింది. ఏదో మబ్బు నీడ అనుకున్నాను, మబ్బే లేదని అప్పుడే చూసి కూడా. ఆ నల్లది కదిలింది. పైకి వచ్చేకొద్దీ దానిమీద తెల్లచుక్కలు కనబడినాయి. వరసలు వరసలుగా చుక్కలు, వరసకూ వరసకూ మధ్య సన్నటి గీతలు. మా ఎదురింటావిడ వాకిట్లో పెట్టే ముగ్గు నీళ్లకింద కదులుతా వస్తున్నట్టుంది.

"గాలాలు పైకి లాగండి," అన్నాడు అన్న. గొంతు పెంచలేదు. "అన్నీ. ఒక్కటి కూడా నీళ్లలో ఉండకూడదు."

నేనూ చేతికందిన దారం లాగినాను. ఆయన చెప్పులు విడిచి, బోటు మధ్యలో చేతులు జోడించుకుని నిలబడినాడు. "చుక్కల సొర," అన్నాడు. "ఏం చెయ్యదు. భయపడబాకండి."

అది మా కిందకు వచ్చింది. ముందు తల. మంచమంత వెడల్పు, బల్లపరుపు తల, దాని పక్కన గోలీ అంత కన్ను. ఆ కన్ను మమ్మల్ని చూసిందో లేదో నాకు తెలీదు. తల దాటి పోయింది, ఇంకా ఒళ్లు వస్తానే ఉంది. వస్తానే ఉంది. బోటు ఆ చివర తల బయటకు వచ్చినా ఈ చివర తోక ఇంకా కనబడలేదు. చంటిపిల్లలు తల్లి చుట్టూ తిరిగినట్టు దాని పొట్టకింద చిన్నచేపలు గుంపుగా పోతున్నాయి. నీళ్లలో అలికిడి కూడా లేదు. అంత ఒళ్లు, చప్పుడు లేకుండా. చెయ్యి చాస్తే తగిలేది. చాచలేదు.

నా నోట సుభానల్లా అనే మాట తప్ప ఇంకేమీ రాలేదు. అదే మళ్లీ మళ్లీ అంటున్నానని కూడా నాకు తెలీదు. మా ఆయన తర్వాత చెప్పినాడు. ఆయన ఎప్పుడు లేచి నా భుజం పట్టుకున్నాడో కూడా తెలీదు. చివరికి తోక వచ్చింది, మా ఇంటి తలుపంత. ఒకసారి నెమ్మదిగా అటు, ఒకసారి ఇటు ఊగింది. చుక్కలన్నీ నీలంలోకి ఒక్కొక్కటే ఆరిపోయినాయి.

అన్న చాలాసేపు నిలబడే ఉన్నాడు. "మా నాయన ఒక్కసారే చూసినాడు," అన్నాడు. "నాకిది మూడోది. ఒకటి నా వల్లో పడింది. వల కోసి వదిలినా." వల ఎంతైందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

కాసేపటికి ఆయనే అన్నాడు, "దాని ఎనకాల ఎప్పుడూ చేపలుంటాయమ్మా. వాలు కూడా నిలబడింది. ఇప్పుడు ఏది వెయ్యమంటావో చెప్పు."

నా ముందు పలకమీద వరసగా అన్నీ ఉన్నాయి. ఆయన జిగ్గు ఉంది, నా రంగుల చేపలున్నాయి, మామ వేపాకు ఉంది. ఏది తీసుకోవాలో నేను లెక్క కట్టలేదు. నీళ్లు తేటగా ఉన్నాయి, వాలు లేదు, పైనుంచి ఎండ నిట్టనిలువుగా దిగుతోంది. అంత తేటనీళ్లలో రంగు పూసిన దేన్నీ దించబుద్ధి కాలేదు. వేపాకు తీసి ఇచ్చినాను.

"బరువు చాలదేమో," అని అరచేతిలో ఎగరేసి చూసినాడు. "సరే. వాలు లేదు కద."

వదిలినాడు. అది పడలేదు. ఎండుటాకు రాలినట్టు ఇటునుంచి అటుకు, అటునుంచి ఇటుకు తేలుకుంటా దిగింది. తిరిగినప్పుడల్లా ఒక మెరుపు. చిన్నదై, చుక్కై, ఆ చుక్క కూడా ఆరి మళ్లీ వెలిగింది. ఇక కనబడదు అనుకున్నాక కూడా ఒకసారి మెరిసింది.

అది అడుగు చేరకముందే అన్న చేతిలో దారం సర్రుమని పరిగెత్తింది. ఆయన ఒళ్లంతా వెనక్కి వాల్చి పట్టుకున్నాడు. ట్యూబు ముక్కల మీద దారం కీచుమని అరిచింది. "నువ్వు కూడా పట్టుకో," అన్నాడు. నేను ఆయన వెనక దారం పట్టుకున్నాను. అవతల కొసన ప్రాణం ఉంది. అది తల విదిలించిన ప్రతిసారీ నా మోచేతులదాకా తెలుస్తోంది. ఎప్పుడూ చూడని ఎవరితోనో చేతులు కలిపినట్టుంది. లాగినంత లాగితే, మళ్లీ అంతా తీసుకుని పోయేది. మా ఆయన వాంతుల సంగతి మరిచిపోయి పైకి వచ్చిన దారం చుట్ట చుడుతున్నాడు.

పైకి వచ్చింది పార. పెద్దది. బోటులో పడినాక అది గుర్రుగుర్రుమని శబ్దం చేసింది. చేప గొంతు వినడం నాకదే మొదటిసారి. వెండి ఒంటిమీద పచ్చ, నీలం, సన్నటి బంగారం నీడలు పరుగులు తీస్తున్నాయి. చూస్తుండగానే అవి ఒక్కొక్కటే నిలిచిపోయినాయి. మూతి మూలన మామ వేపాకు గుచ్చుకుని ఊగుతోంది. నాకు సంతోషంగానూ ఉంది, ఆ రంగులు పోయినందుకు దిగులుగానూ ఉంది. అన్న ఆ చేప తలమీద ఒకసారి చెయ్యి పెట్టి తీసి, మంచుపెట్టెలో పెట్టినాడు.

ఆ తర్వాత మా ఆయన అచ్చు మార్చినాడు. పోత బొక్క నడుముకు తెచ్చినాడు. ఇప్పుడు మా సీసం జిగ్గులు కూడా వాలి వణుకుతాయి. అంగట్లో వెనకవైపు నీళ్లడ్రమ్ము ఒకటి పెట్టుకున్నాం. అందులో వదిలి చూడకుండా ఏదీ బల్ల మీదికి రాదు. రంగులు తగ్గించినాను. ఎవరైనా వచ్చి, "ఏ జిగ్గు మంచిదక్కా?" అని అడిగితే, నీళ్లు ఎట్టా ఉన్నాయి, వాలు ఎట్టుంది అని ముందు నేనే అడుగుతాను. ఇత్తడి వేపాకులు మామ ఒక్కడే చేస్తాడు, ఓపిక ఉన్నరోజు ఒకటో రెండో. అన్నిసార్లూ తగులుతాయని కాదు. వాలు గట్టిగా ఉన్నరోజు అవి ఎందుకూ పనికిరావని అన్న మొహమాటం లేకుండా చెప్పినాడు.

అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం మేము ఇల్లు చేరేసరికి మామ గడప దగ్గర కుర్చీ వేసుకుని ఎదురుచూస్తున్నాడు. వేపాకుకు పార పడిందని మా ఆయన చెప్పినాడు. మామ తలూపినాడు, అంతే. నేను చుక్కల సొర సంగతి మొదలుపెట్టినాను. ఉప్పుతో నా మొహం బిగిసిపోయి మాట సరిగ్గా రావడంలేదు.

"ఎంతుండిందమ్మా?" అన్నాడు.

చేతులు చాపినాను. చాలలేదు. గోడ నుంచి గోడకు చూపించినాను. అదీ చాలలేదు. చివరికి చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి దిగి, మా గడప దగ్గర నుంచి పక్కింటి అరుగు చివరిదాకా నడిచి, అక్కడ నిలబడి, "ఇంతుంది మామా!" అని అరిచినాను. ఎదురింటావిడ చీపురు చేత్తో పట్టుకుని బయటకు వచ్చి చూసింది.

మామ కుర్చీలోంచి నెమ్మదిగా లేచినాడు. గోడ పట్టుకుని మెట్టు దిగి వచ్చి, గడప నుంచి నేను నిలబడ్డ చోటిదాకా మొత్తం ఒకసారి చూసినాడు. మళ్లీ ఆ కొసనుంచి ఈ కొసకు చూసినాడు.

"ఒక్కటేనా?" అన్నాడు.

"ఒక్కటే."

"అంతా బతికే ఉండింది కద?"

"బతికే ఉంది మామా. మా కిందనుంచే పోయింది."

సందులో స్కూటరొకటి హారను కొట్టుకుంటా వస్తే, మామ దాన్ని పోనియ్యకుండా చెయ్యి అడ్డంపెట్టి ఆపి, ఆ చోటంతా ఇంకొంచెంసేపు చూస్తా నిలబడినాడు.